ఎదురొచ్చిన మనిషి

గడియ మీద చెయ్యి వేసి, తలుపుకు చెవి ఆనించి నిలబడి ఉంది సంపూర్ణమ్మ. చంకలో చీరల సంచి, కాళ్ళకు చెప్పులు. బయట పక్కింటి సైదావలి ఆటో దగ్గి, దగ్గి, అందుకుంది. అది మలుపు తిరిగిందాకా ఆమె ఆగింది. ఎవరో సైకిలు స్టాండు తీశారు. ఆగింది. ఎదురింటి రత్తయ్య చెప్పుల చప్పుడు వినిపించాక ఇంకాస్త ఎక్కువసేపు ఆగింది. వించిపేటలో ఆ ఇరుకు సందులోంచి పనులకు పోయేవాళ్ళంతా పోతే గానీ ఆమె గడప దాటదు. మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే పోయే పని చెడుతుందని లోకం అంటుంది. లోకం మాట అటుంచండి, సంపూర్ణమ్మ గుండె అంటుంది. అదీ రోజూ.

భర్త గూడ్సు షెడ్డులో బస్తాలు మోసేవాడు. అతను పోయిన కొత్తలో ఒక పొద్దున పాలప్యాకెట్టు కోసం బయటికొచ్చింది. కూతురి సంబంధం మాట్లాడడానికి బయలుదేరిన రత్తయ్య ఎదురుపడ్డాడు. పల్లెత్తు మాట అనలేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయాడు, కుర్చీలో కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు, మళ్ళీ బయలుదేరాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. ఆ రోజే మొదటిసారి ఆమె అరచేతులు చెమర్చాయి, గుండెల మీద ఎవరో రోలు దించినట్టయింది. రత్తయ్య కూతురికి ఆ సంబంధమే ఖాయమైంది, ఇప్పుడు ఇద్దరు పిల్లలు కూడా. రోలు మాత్రం దిగలేదు.

గుండెజబ్బేనని సందంతా నిర్ధారించింది. పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, చివరికి పై అంతస్తులో రుచిత అనే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. చిన్నపిల్లలా ఉంది, కళ్ళజోడు పెట్టుకుని.

"మీ గుండె శుభ్రంగా ఉందమ్మా. దీన్ని యాంగ్జైటీ డిజార్డర్ అంటారు. భయమే జబ్బుగా తిరగడం."

"భయం జబ్బెట్టా అవుద్దండీ? భయపడాల్సిందానికేగా భయపడేది!"

డాక్టరమ్మ నవ్వి మాత్రలు రాసింది. మాత్రలతో పాటు ఒక పని కూడా అప్పజెప్పింది. ఎవరో ఒకరు బయలుదేరేవేళకు కావాలని ఎదురు వెళ్ళాలి, ఏమవుతుందో చూడాలి. "భయం పోయాక బయటికొస్తానంటే ఈ జన్మకి రారు. దాన్ని కూడా వెంటబెట్టుకునే రండి" అంది.

మాత్రలు వేసుకుంది. నిద్ర పట్టింది, చేతుల వణుకు తగ్గింది, సూదిలోకి దారం ఒక్క దెబ్బకు ఎక్కసాగింది. రెండో పనే కుదరలేదు. ఒక్కసారి తెగించి సైదావలికి ఎదురు వెళితే, ఖర్మ కాకపోతే, ఆ మధ్యాహ్నమే అతని ఆటో టైరు పంక్చరైంది. "అక్కా, ఆ టైరు బోడిగుండైపోయి ఆర్నెల్లయింది, నీకేంటి సంబంధం?" అని సైదావలి మొత్తుకున్నాడు. వింటేనా! మళ్ళీ తలుపు వెనకే.

సైదావలి కూతురు అఫ్సానాకు హైదరాబాదులో నర్సు ఉద్యోగం వచ్చింది. ఈ రోజు సాయంత్రం బండికి ప్రయాణం. తల్లి నజీమా బట్టల కొట్టులో పనికి పోతే, ఆ పిల్ల పెరిగిందంతా సంపూర్ణమ్మ కుట్టుమిషను కింద, దారపుండలతో ఆడుకుంటూ. నిన్న వచ్చి చాప మీద చతికిలబడింది.

"పిన్నీ, రేపు నేను బయల్దేరేటప్పుడు నువ్వే ఎదురు రావాలి."

"నోర్ముయ్యవే! నేనొచ్చేదేంటి? మీ అమ్మ లేదా?"

"అమ్మ జామిను కడతది. ఎదురు మాత్రం నువ్వే. నువ్వొచ్చిందాకా ఆటో ఎక్కను, అంతే."

ప్రయాణానికి ముందు ఆకుపచ్చ గుడ్డలో నాణెం చుట్టి పిల్ల జబ్బకు కట్టడం నజీమా వాళ్ళ ఆచారం. అదే జామిను, రక్ష. సంపూర్ణమ్మ ఎదురు రావడం ఏమిటి మరి? ఆ ప్రశ్నే రాత్రంతా ఆమె పక్కన పడుకుంది.

ఆమె కుట్టిచ్చే చీరలు వన్‌టౌన్‌లోని మ్యాచింగ్ సెంటరువి. సందు ఖాళీ అయ్యాక కొట్టుకు వెళితే, యజమానురాలు ఛాయాదేవి సంచిలోంచి పెళ్ళిచీర తీసి, అంచు తిప్పి చూసి, బుగ్గన వేలేసుకుంది.

"ఏం సంపూర్ణా, పెళ్ళికూతుర్ని తలకిందులుగా నడిపిద్దామనా?"

కాళ్ళ దగ్గర ఉండాల్సిన ఫాలు, నడుము దగ్గర దోపుకునే అంచుకు కుట్టి ఉంది. ఎంత ముచ్చటైన కుట్టో! సంపూర్ణమ్మ మొహం మాడిపోయింది. ఇన్నేళ్ళలో ఇలాంటిది ఎన్నడూ లేదు. ఓ మూల కూర్చుని విప్పుతూ, సంగతంతా చెప్పుకుంది.

"ఎందుకొచ్చిన గొడవే నీకు? తలనొప్పని పడుకో. పిల్ల ఏమనుకోదులే. దారిలో ఏదన్నా అయితే జన్మంతా నువ్వే ఏడవాలి" అంది ఛాయాదేవి. మంచిగానే అంది. అందుకే ఆ మాట ముల్లులా దిగింది.

సాయంత్రం సంపూర్ణమ్మ ఇత్తడి చెంబు చింతపండుతో తోమింది. తోమిన చెంబునే మళ్ళీ తోమింది. నిండా నీళ్ళు పోసుకుని తలుపు వెనక నిలబడింది.

బయట సామాను ఆటోలోకి ఎక్కుతోంది. నజీమా ముక్కు చీదుతోంది. "అక్కా, బండి టైమైపోతోంది!" అని సైదావలి కేక. గుండెల మీదికి రోలు వచ్చేసింది. కళ్ళ ముందు ఖమ్మం దగ్గర పట్టాలు తప్పిన పెట్టెలు, ఆసుపత్రిలో తెల్లటి దుప్పటి, నజీమా శోకాలు, అన్నీ వరసపెట్టి నడిచాయి. వెళ్ళి మంచం మీద పడుకుంటే చాలు. తలనొప్పంటే సరిపోతుంది.

"రాలేకపోతే పోనీలేవే, పెద్దామెను ఇబ్బంది పెట్టొద్దు" అంటోంది నజీమా. అఫ్సానా తలుపు తట్టనూ లేదు. ఆటో ఎక్కనూ లేదు.

బండి తప్పిపోతే? ఆ పాపమూ తనదేగా! ఆలోచన అక్కడికి వచ్చేసరికి సంపూర్ణమ్మకు తన మీద తనకే ఒళ్ళు మండింది. వచ్చినా భయమే, రాకపోయినా భయమే. "సరే, నువ్వూ రావే" అని ఆ భయాన్ని గట్టిగానే తిట్టి, గడియ తీసింది.

కాళ్ళు తనవి కానట్టు నడిచాయి. నీళ్ళు తొణికి పాదాల మీద పడ్డాయి. అఫ్సానా, కొత్త చుడీదారు, జబ్బకు ఆకుపచ్చ గుడ్డ, నవ్వు మొహంతో ఎదురొచ్చింది. చెంబు అందుకుని ఎత్తిపట్టి తాగి, దారి పక్క నాపరాయి మీద పెట్టి, సంపూర్ణమ్మ చెమట చేతుల్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"వెళ్ళొస్తా పిన్నీ. దిగగానే నీకే ఫోను."

ఆటో కదిలింది. సరిగ్గా అప్పుడే ఎదురింటి తలుపు తెరుచుకుంది. సంచీ పట్టుకుని గడప దిగబోతున్న రత్తయ్య ఆమెను చూశాడు. ఈసారీ వెనక్కి తిరిగాడు. కుర్చీ జరిగిన చప్పుడు, కుండ మీద మూత తీసిన చప్పుడు, అన్నీ స్పష్టంగా వినిపించాయి.

సంపూర్ణమ్మకు పరుగెత్తి లోపల పడాలనిపించింది. కానీ ఆటో ఇంకా మలుపు తిరగలేదు. వెనక అద్దంలోంచి చెయ్యి ఊగుతోంది. పిల్ల చూస్తుండగా వెనుదిరగడమేం మర్యాద? నిలబడింది. ఆటో మలుపు తిరిగింది. అయినా మరికాసేపు నిలబడింది. కూర్చోనీ రత్తయ్యను.

ఆ తర్వాత లోపలికొచ్చి నేల మీద కూర్చుంది. గుండె దడదడలాడుతూనే ఉంది. ఫోను మోగేదాకా అంతే. రేపు ఇంకెవరో బయలుదేరుతారు, రేపూ అంతే. ఆ సంగతి ఆమెకు తెలుసు. తలుపు మాత్రం వేయలేదు.

కాసేపటికి రత్తయ్య చెప్పుల చప్పుడు గడప దిగింది, సందులో ఒక్క క్షణం ఆగింది, కాస్త పక్కకు తప్పుకుని సాగిపోయింది. నాపరాయి మీద, తాగగా మిగిలిన నీళ్ళతో, ఇత్తడి చెంబు.