చలికాలపు ఎండకు ఒక మాట

ఆ రోజు ఇంట్లో అమ్మ, పెద్దమ్మ, పెద్దమ్మ కూతురు, మావయ్య, నేను ఉన్నాం. పెద్దమ్మ కూతురిని అందరూ రేడియో అంటారు. ఆమె గొంతు వీధి చివరి దాకా వినిపిస్తుంది. నాది పక్కగదికి కూడా వెళ్లదు.

మావయ్య ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు రాస్తున్నాడు. అచ్చు ప్రూఫులు వచ్చినప్పుడు ఒకరు వాటిని పైకి చదవాలి. ఆయన తన రాతప్రతి మీద వేలు పెట్టుకుని సరిచూసుకుంటాడు. పోయిన సెలవుల నుంచీ ఆ చదివే కుర్చీ నాది. ఈసారి పెద్దమ్మ, "మా దానికీ కాస్త పని నేర్పరా తమ్ముడూ" అనగానే ఆయన సరేనన్నాడు. నాకు కడుపు మండిపోయింది.

రేడియో అక్క నా కుర్చీలో కూర్చుంది. నేను గడప దగ్గర నిలబడ్డాను. చదువుతూ చదువుతూ ఒక మాట దగ్గర ఆగింది.

"ఆప్రిసిటీ. ఇదేం మాట మావయ్యా?"

"చలికాలంలో ఎండ ఒంటికి తగిలితే హాయిగా ఉంటుందే, ఆ వెచ్చదనం. పాపం, ఇంగ్లీషువాళ్లే దీన్ని మరిచిపోయారు."

ఇవే మాటలు, ఇదే నవ్వుతో, మొదట నాకు చెప్పాడు. అప్పుడు పెరటి మెట్ల మీద ఎండలో మేమిద్దరమే ఉన్నాం.

"అది నేను చదువుతాను" అన్నాను.

"అబ్బో, మా మూగనోముకి మాటలొచ్చాయి" అంటూ అక్క లేచింది.

నేను గడగడా చదివాను. "ఆప్రిసిటీ, నామవాచకం. చలికాలపు ఎండ వెచ్చదనం. ఎండ తగిలే అని అర్థమున్న లాటిన్ మాట అప్రికుస్ నుంచి వచ్చింది." ఎక్కడా తడబడలేదు. మావయ్య టిక్కు పెట్టేశాడు.

అక్క నా భుజం మీదుగా తొంగిచూసింది. "ఇక్కడ గ్రీకు అని ఉంటే లాటిన్ అంటావేంటే?"

మావయ్య కాగితం లాక్కుని చూశాడు. గ్రీకు అనే అచ్చయి ఉంది.

"లాటినే కదా మావయ్యా. నేను చెప్పింది కరెక్టే కదా."

"కరెక్టేనమ్మా, చిక్కంతా అక్కడే ఉంది. నువ్వు నీకు తెలిసింది చదివావు. నాకు కావాల్సింది అచ్చులో ఉన్నది. ఇలా చదివితే తప్పులన్నీ నా ముందు నుంచే దాటిపోతాయి." అక్క వైపు తిరిగాడు. "రేడియో, కూర్చో. నీకేమీ తెలీదు కాబట్టి ఇక నువ్వే చదవాలి."

"ఇది మెచ్చుకోలా, తిట్టా?"

"ముందు చదువు."

ఏమీ తెలియకపోవడం మీద కూడా అసూయ పుడుతుందని నాకు అప్పుడే తెలిసింది. "నేను పక్కన ఊరికే కూర్చుంటాను" అన్నాను.

"వద్దు తల్లీ. నీ పెదాలు కదులుతాయి. రేడియో వాటిని చూసి చదివేస్తుంది."

పెదాలు గట్టిగా బిగించి చూపించాను. ఆయన అప్పటికే రాతప్రతిలో తల దూర్చేశాడు.

"వెళ్లవే, మాకు పనుంది" అని అక్క లేచి వచ్చి, నన్ను గడప అవతలికి నెట్టి, నా మొహం మీదే తలుపు వేసేసింది.