రంగు ఆరలేదు

ఐదు వెంట్రుకల కుంచెను మసినీళ్లలో ముంచి, డబ్బా అంచుకు ఒరిపి, డాక్టరు ఇంటి గోడ మీద బీటను కిటికీ మూల దాకా లాక్కొచ్చి ఆపాడు మేస్త్రి. రెండడుగులు వెనక్కి వేసి ఒక కన్ను మూసి చూశాడు. నిన్నటిదాకా పెళ్లికొడుకులా నున్నగా మెరిసిన గోడ ఇప్పుడు నాలుగు తరాల వానలు తిన్నట్టుంది. ఇంకొక్క చిన్న పాయ కావాలి. నిజమైన బీట చివరికొచ్చేసరికి రెండుగా చీలుతుంది. ఆ చీలికను గీసి, పాత చీపురుతో అంచులు మసకబార్చి, నోటితో ఊదాడు.

డాక్టరు వరండాలోంచి చూసి, "అచ్చం మా తాత కట్టించిన ఇల్లులా ఉంది మేస్త్రీ," అన్నాడు.

ఆయన తాత ఎక్కడ ఏ ఇల్లు కట్టించాడో గానీ, ఆ ఊరి వయసే పద్నాలుగేళ్లు.

ఒక పాత రాళ్ల క్వారీని పూడ్చి, పైన ఎనిమిది వీధులు వేసి, పాతకాలపు ఊరని చెప్పి అమ్మారు. ఊరి ప్లాను గీసినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. గొడుగులు వేసుకున్న ఇద్దరు ఎదురుపడితే ఆగి పలకరించుకోక తప్పనంత ఇరుకుగా సందులు పెట్టారు. వరండాలను వీధికి ఎంత దగ్గరగా జరిపారంటే, లోపల కూర్చున్నవాళ్లు దారినపోయేవాళ్లకు మంచినీళ్లు చేతికి అందించొచ్చు. బెంచీలన్నీ ఎదురెదురుగా వేశారు. నిజం చెప్పొద్దూ, ఆ ఉపాయం పారింది. ఆ ఊళ్లో మనుషులకు పక్కింటివాళ్ల మోకాళ్ల నొప్పులు కూడా తెలుసు. అదంతా చెడకుండా చూసుకోవడానికి ఒక ఆఫీసు, ఆఫీసుకో మేనేజరమ్మ, ఆమెకు బండంత లావు రూల్సు పుస్తకం. గోడలకు పదహారు రంగులు. పదిహేడోది వేస్తే నోటీసు.

మేస్త్రి ఊరు కట్టేనాడు తాపీ పట్టుకుని వచ్చాడు. కట్టడం అయ్యాక తక్కినవాళ్లు వెళ్లిపోయారు. అతని చేతిలో పాతదనం ఉందని ఆఫీసువాళ్లు ఉంచేసుకున్నారు. పన్నెండేళ్లలో రెండువందల పన్నెండు బీటలు గీశాడు. ప్రతి బీటకూ ఆఫీసు రిజిస్టరులో ఒక నంబరు ఉంది. ఊరంతా అతన్ని బీటల మేస్త్రి అనే పిలుస్తుంది. యాభై ఎనిమిదేళ్లు, ఎండిన మునక్కాయలాంటి ఒళ్లు, సున్నం తినేసిన వేలికొసలు. పెళ్లి చేసుకోలేదు. నోట్లో నాలుక లేని మనిషి. ఉన్నది ఒక్క చెల్లెలు. మొగుడు పోయినప్పటినుంచి అతని దగ్గరే ఉంటూ టీ కొట్టు నడుపుతోంది.

డాక్టరు గోడ పక్కన ఒక చిన్న చెక్క పలక తగిలించాడు. 'రంగు ఆరలేదు. పక్క దారిన వెళ్లగలరు.' ఆకుపచ్చ అక్షరాలు, పుస్తకంలో చెప్పిన కొలతలు. ఆ ఊళ్లో ఏ బోర్డు మాటైనా తోసెయ్యొచ్చు గానీ ఈ పలక మాట ఎవరూ తోసెయ్యరు. బట్టలకు అంటుకుంటుందన్న భయం అలాంటిది. రంగు ఆరగానే పలక తీసెయ్యాలని కూడా పుస్తకంలోనే ఉంది. గేటు వాచ్‌మన్ వీధివీధీ తిరిగి గోడలను వేలితో ముట్టి చూస్తాడు. వేలికి అంటకపోతే పలక పీకి చంకలో పెట్టుకుంటాడు. ఆ పని మీద అతనికి ఉన్న శ్రద్ధ పెళ్లాం మీద లేదని మేస్త్రి చెల్లెలు అంటుంటుంది.

పన్నెండున్నరకు మేస్త్రి కమాను దగ్గరికి నడిచాడు. ఊరి కూడలికీ బడికీ మధ్య తలుపులున్న పెద్ద కమాను ఉంది. అందరూ దాని కిందనుంచే వచ్చిపోతారు. పక్క సందులోంచీ వెళ్లొచ్చు గానీ ఐదు నిమిషాలు ఎక్కువ. కమాను ఎడమ స్తంభానికి ఆనుకునే చెల్లెలి కొట్టు.

ఆ స్తంభం మీద నాలుగు రోజుల కిందట ఒక బీట కనిపించింది. తాను గీయని బీట. ఆ రోజే దానికి అడ్డంగా వేలెడు గాజుముక్క పెట్టి, రెండు కొసలనూ ప్లాస్టరు ముద్దతో అతికించి, పెన్సిలుతో తేదీ రాశాడు. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. కదిలితే విరుగుతుంది. గాజుకు మొహమాటం లేదు.

ఇవాళ గాజు సరిగ్గా నడిమికి విరిగి ఉంది.

జేబులోంచి మేకు తీసి బీటలో పెట్టాడు. తలదాకా దిగిపోయింది. ఆ స్తంభం కింద ఏముందో అతనికి తెలుసు. క్వారీ గుంట అక్కడే అన్నిచోట్లకన్నా లోతు. రాయి తగిలేదాకా తవ్వి పునాది వేయాలి. ప్రారంభోత్సవం దగ్గర పడిందని కంట్రాక్టరు ఇటుక ముక్కలూ మట్టీ పోసి తొక్కమన్నాడు. ఏడుగురు మూడు రోజులు తొక్కారు. ఏడుగురిలో అతనూ ఒకడు. అడుగున రాయి తగల్లేదని తెలిసీ, మనకెందుకులే అనుకుని చేతులు కడుక్కుని ఇంటికి పోయాడు. ఆ చేతులు మళ్లీ శుభ్రంగా ఉన్నట్టు అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

టీ తాగకుండానే ఆఫీసుకు వెళ్లాడు.

మేనేజరమ్మ ఊరి వార్షికోత్సవం కాగితాల్లో మునిగి ఉంది. చెడ్డ మనిషి కాదు. పొద్దున్నుంచి అన్నం తిన్నట్టు కూడా లేదు.

"అమ్మా, కమాను బీటవారింది. జనాన్ని అటు రానివ్వకండి."

"చూశాను మేస్త్రి గారూ. నిన్న ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. మీ పనుల్లో అదే మేలు."

"అది నా పని కాదమ్మా."

"అనుమతి లేకుండా గీశారని భయమా? నేను సర్దేస్తాలెండి." ఆమె రిజిస్టరు తెరిచి, రెండువందల పదమూడు అని వేసి, పక్కన 'కమాను, ఎడమ స్తంభం' అని రాసింది.

మేస్త్రి విరిగిన గాజుముక్కలు బల్ల మీద పెట్టాడు. "పునాది అడుగున రాయి లేదమ్మా. పూడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను."

ఆమె నవ్వు ఒక్క క్షణం ఆగింది. "పద్నాలుగేళ్లు నిలబడింది కదండీ. సోమవారం ఇంజనీరును పిలిపిస్తాను. ఉత్సవం కానివ్వండి."

"అందాకా అడ్డంగా పసుపు టేపయినా కట్టించండి."

"పసుపు మన పదహారింట్లో లేదు. ప్రమాదం అనే బోర్డుకు పుస్తకంలో నమూనాయే లేదు. రేపు ఎవరైనా ఫోటో తీసి పెడితే నన్నడుగుతారు." గొంతు తగ్గించి, "అలిసిపోయినట్టున్నారు. ఈ పూట ఇంటికెళ్లి పడుకోండి," అంది.

మెట్లు దిగుతుంటే మేస్త్రికి తన మీద తనకే అసహ్యం వేసింది. నోరు తెరవక తెరవక తెరిచాడు, అదీ పద్నాలుగేళ్లు ఆలస్యంగా. తెరిచినా అందులోంచి వచ్చిందానికి ఒక నంబరు పడింది, అంతే.

చెల్లెలు బన్నులు సర్దుతోంది.

"కొట్టు తీసెయ్యవే."

"ఎందుకూ?"

"గోడ పడుతుంది."

"నీ పుణ్యమా అని ఊళ్లో గోడలన్నీ పడేట్టే ఉన్నాయి. ఏది పడుతుందో, ఏది పడదో నాకెలా తెలిసేది అన్నయ్యా?"

అతను ఆమె చెయ్యి పట్టుకుని చిటికెన వేలి కొస బీట దగ్గర పెట్టించాడు. ఆమె గబుక్కున వెనక్కి తీసుకుంది.

"లోపల్నుంచి గాలొస్తోందేంటి?"

"అందుకే తీసెయ్యమంటున్నా."

ఆమె స్టవ్వు ఆర్పింది. "నా వేలు పెట్టించావు సరే. ఊరందరి వేళ్లూ పెట్టిస్తావా? నువ్వు చెప్తే ఎవరు వింటారు? పైన పటారం, లోన లొటారం. ఇదీ మన ఊరు."

ఎవరూ వినరు. నాలుగింటికి బడి వదిలితే రెండువందల మంది పిల్లలు ఈ కమాను కిందనుంచే పరిగెడతారు. ఆరింటికి వాచ్‌మన్ కమాను తలుపులు మూసేదాకా వచ్చేపోయే జనం ఆగరు. మేస్త్రి చంకలో పలకల సంచీ ఉంది. దాన్ని చూసుకున్నాడు. తర్వాత తన వెధవ బుర్రకు ఇంతసేపూ తట్టనందుకు నవ్వొచ్చింది.

ఒంటిగంటన్నరకల్లా కమానుకు అటొకటి, ఇటొకటి రెండు పలకలు వేలాడాయి. 'రంగు ఆరలేదు. పక్క దారిన వెళ్లగలరు.' ఆరో నంబరు రంగు, పాత వెన్న రంగు, బకెట్టులో కలిపి కుడి స్తంభానికి పూత మొదలెట్టాడు.

వాచ్‌మన్ వచ్చి నిలబడ్డాడు.

"ఇవాళ ఆరినా తియ్యకురా. ఎడమ స్తంభం బీటవారింది," అన్నాడు మేస్త్రి.

"బీటల సంగతి నువ్వు చూసుకో. నాకు తెలిసింది తడి. ఆరితే తీస్తా. ఒక్కో గోడకు మూడు పూతలు, నాలుగోది లేదు. రూలు."

చెల్లెలు సామాను సందులోకి చేరవేసుకుంటూ, "కిందామీదా పడి నువ్వెందుకు అక్కడ?" అంది.

"తడి ఉంటేనే పలక ఉంటుంది. వాడి సంగతి తెలుసుగా."

ఎండకు పూత ముప్పావుగంటలో ఆరిపోతోంది. కుడి స్తంభానికి రెండు పూతలయ్యాయి. మూడింటికి నిచ్చెన దిగివచ్చి ఎడమవైపు బీటలో పెన్సిలు పెడితే పట్టింది. స్తంభం లోపల ఎక్కడో పెసలు రాలినట్టు సన్నగా శబ్దం. వచ్చినవాళ్లు పలక చదివి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, గొణుక్కుంటూ పక్క సందులోకి తిరిగారు. ఒక్కరూ కమాను దాటలేదు.

నాలుగింటికి బడి గంట మోగింది. మేస్త్రి కుంచెను బకెట్టులో పెట్టి అటు తిరిగాడు. పిల్లలు వరదలా వచ్చి పలక ముందు ఆగి, పాఠం అప్పజెప్పినట్టు గొంతెత్తి చదివారు.

"ఎప్పుడారుతుంది మేస్త్రి తాతా?"

"మీరు ఇంటికి పోయాక."

పిల్లలు నవ్వుకుంటూ సందులోకి మళ్లారు. ఆఖరున గొడుగుతో టీచరమ్మ కూడా మళ్లేదాకా చూసి, నిచ్చెన మీదే కాసేపు కూర్చుండిపోయాడు. ఇన్నేళ్లలో అంత హాయిగా ఊపిరి తీసింది లేదు. ఇంకా రెండు గంటలు.

ఐదింటికి మేనేజరమ్మ వచ్చింది. పలకను చూసి మొహం చిట్లించింది. "ఈ పని ఇవాళ్టి జాబితాలో లేదే. ఆరో నంబరేనా?"

"ఆరో నంబరేనమ్మా."

వంగి పలక కొలతలు చూసింది. తప్పు పట్టడానికేం దొరకలేదు. చీర చెంగు నడుముకు చుట్టుకుని ఆమె కూడా పక్క సందులోంచే వెళ్లింది.

ఐదున్నరకు వాచ్‌మన్ కుడి స్తంభాన్ని ముట్టి వేలు చూపించాడు. పొడిగా ఉంది. "మూడు పూతలూ అయిపోయాయి మేస్త్రీ. తర్వాత నువ్వు పూసిన లోపలి వంపు కూడా ఆరింది." అతని చెయ్యి పలక దారం మీదికి వెళ్లింది.

సందు మొదట్లో ఒక పెళ్లివారి గుంపు ఫోటోల కోసం కమాను వైపే వస్తోంది. పసిపిల్లను ఎత్తుకున్న ఒకామె ముందుంది.

"ఆగు," అన్నాడు మేస్త్రి. "ఎడమ స్తంభానికి ఇంకా వెయ్యలేదు."

ఇంతసేపూ పూత వెయ్యని స్తంభానికి నిచ్చెన ఆనించాడు. బీటలో ఇప్పుడు చిటికెన వేలు పడుతుంది. పైనుంచి కిందికి వెడల్పుగా ఒక పూత లాగాడు. వాచ్‌మన్ ముట్టి చూసి, వేలు గుడ్డకు తుడుచుకుని, దారం వదిలేసి తాళాల కోసం వెళ్లాడు. పెళ్లివారు పలక చదివి, ఉసూరుమంటూ వెనక్కి తిరిగారు.

చెల్లెలు సందులోంచి పిలిచింది. "అన్నయ్యా, ఇంక దిగు. పొద్దున్నుంచి చుక్క నీళ్లు ముట్టలేదు. టీ చల్లారిపోతోంది."

"వస్తున్నానే. తాళం పడనీ."

అతని గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. ఆమె గ్లాసు మీద సాసరు బోర్లించడానికి అటు తిరిగింది. వెనక ఇసుక బస్తా విప్పి గుమ్మరించినట్టు శబ్దం వచ్చింది, అంతకన్నా పెద్దదేమీ కాదు. తిరిగి చూస్తే కమాను ఉన్నచోట ఆకాశం కనిపించింది. ఆ వేళ దాని కింద ఉన్నది ఒక్కడే మనిషి.

ఆమె గ్లాసు పట్టుకునే అటు నడిచింది. ఎవరో పట్టుకుని ఆపారు.

ఆరింటికి వాచ్‌మన్ తాళాలగుత్తితో వచ్చి, మూయడానికి తలుపులు లేనిచోట నిలబడ్డాడు. జనం మూగారు. మేనేజరమ్మ రాళ్ల మధ్య నేల మీద కూర్చుని, రెండువందల పదమూడు అని తనలో తనే అనుకుంటోంది. ఏం చెయ్యాలో తోచక వాచ్‌మన్ అలవాటు చొప్పున వంగి, కాళ్ల దగ్గర పడి ఉన్న గోడముక్కను వేలితో ముట్టాడు. వేలికి వెన్నరంగు అంటింది. చాలాసేపు ఆ వేలినే చూశాడు. దాన్ని గుడ్డకు తుడుచుకోలేదు.

మిగిలిన మొండిగోడ నుంచి చెక్క పలక ఇంకా దారానికి వేలాడుతూ, మీద పడిన దుమ్ములోంచి వచ్చినవాళ్లందరికీ మర్యాదగా చెబుతోంది: రంగు ఆరలేదు, పక్క దారిన వెళ్లగలరు.