కిలోమీటర్ల గడి

కార్లమ్మే అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. ఆ మర్యాదతోనే నా ప్రాణం తీసింది. రెండు మోడళ్ళూ చూపించింది. రెండూ హైబ్రిడ్లే, ఇంజినూ ఒకటే, రంగులూ అవే. ఖరీదైనదానిలో సీట్లు వెచ్చబడతాయి, బటన్ నొక్కితే ముందు సీటు పైకి లేస్తుంది. మామూలుదానిలో అవి లేవు. అంతా చెప్పి, లీజు ఫారం నా ముందుకు జరిపి, "ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు మేడమ్? మూడేళ్ళకీ అదే లెక్క. ఆలోచించి చెప్పండి" అంది.

నాకు చర్రున కోపం వచ్చింది. పాపం, ఆ పిల్ల తప్పేముంది? లీజు అంటేనే అంత. కారు మనది కాదు, మూడేళ్ళు వాడుకుని తిరిగి ఇచ్చేస్తాం, కాబట్టి ఎంత తిప్పుతామో ముందే ఒప్పుకోవాలి. పన్నెండు వేలా, ఇరవై వేలా? నా తిరుగుడు పన్నెండు వేలు మించదు. పైదంతా మా అక్కది. వారానికి మూడుసార్లు ఆవిణ్ణి డయాలసిస్‌కి తీసుకెళ్ళి తీసుకురావాలి. రానూ పోనూ నలభై ఎనిమిది కిలోమీటర్లు, ఏడాదికి ఏడున్నర వేలు. ఇంట్లో అడిగి చెబుతానని ఫారం పట్టుకుని వచ్చేశాను.

అక్క కిడ్నీలు పనిచేయడం మానేసి నాలుగేళ్ళయింది. కొత్తది పెట్టడానికి ఆవిడ గుండె తట్టుకోదన్నారు. ఈ మధ్య ఆవిడకి విసుగొచ్చేసింది. "వచ్చే నెల నుంచి మానేస్తానే. ఎన్నాళ్ళిలా ఆ మిషనుకి కట్టేసుకుని పడుండను?" అంటోంది. మానేస్తే బతికేది రెండు వారాలు, మహా అయితే మూడు. డాక్టరుని నచ్చజెప్పమంటే, అది ఆవిడ ఇష్టమన్నాడు. నీ నోట మన్ను పడ, అని మనసులోనే తిట్టుకున్నాను.

మా ఆయన లెక్కల మాస్టారు. ఎవరైనా ఏడుస్తున్నా ముందు ఎన్ని నిమిషాల నుంచి అని అడిగే రకం. అన్నాలయ్యాక పాత ప్రశ్నపత్రం వెనక నాలుగు గళ్ళు గీశాడు.

"మామూలుది లీజుకైతే నెలకి మూడు వందల ఇరవై డాలర్లు. అప్పు మీద కొంటే నాలుగు వందల డెబ్భై. ఖరీదైనది లీజుకి మూడు వందల డెబ్భై, కొంటే అయిదు వందల ముప్ఫై అయిదు. కొంటే వాయిదాలు అయిదేళ్ళు."

"సీటు వెచ్చబడేదే కావాలి" అన్నాను. మిషను మీంచి లేచాక మండుటెండలో కూడా అక్క గజగజ వణుకుతుంది. పాత కారు రెండుసార్లు నడిరోడ్డు మీద ఆగిపోయినప్పుడు ఆ వణుకు చూడలేక చచ్చాను.

"సరే, ఆ యాభై భరిద్దాం. లీజుకి తీసుకుందాం."

"లీజు వద్దు. కొనేద్దాం."

"నెలకి నూట అరవై అయిదు ఎక్కువే తల్లీ! మరి నీ ఫర్నేసు?"

నేను పళ్ళ సెట్లు తయారుచేస్తాను. ఇన్నేళ్ళూ ఒకరి ల్యాబులో చేశాను. పింగాణీ పళ్ళు కాల్చే ఫర్నేసు ఒకటి కొనుక్కుని సొంతంగా పెట్టుకోవాలని నా కోరిక. దానికి దాస్తున్న డబ్బు కూడా నెలకి అంతే.

"ఫర్నేసు ఎక్కడికీ పారిపోదు" అన్నాను.

"కారణం చెప్పు."

"కొనుక్కుంటే ఎన్ని కిలోమీటర్లని ఎవరూ అడగరు కాబట్టి!"

ఆయనకి అర్థం కాలేదు. "ఇరవై వేలు రాస్తే పెరిగేది నెలకి ముప్ఫయ్యే కదా?"

"మీ లెక్కలు తగలెయ్య! ఇరవై వేలు రాశాక అక్క మానేసిందనుకోండి, మూడేళ్ళూ నెలనెలా ఆ ముప్ఫై చూసి ఏడవాలి. పన్నెండు వేలు రాస్తే నా చేత్తో నేనే దాన్ని సాగనంపినట్టు. ఏది రాయమంటారు?" అని భోరుమన్నాను. ఆయన పెన్సిలు పక్కన పెట్టి, సరే, కొనేద్దాం అన్నాడు.

మర్నాడు డయాలసిస్ గదిలో అక్క అడగనే అడిగింది. "కారు సంగతి ఏం చేశారే?"

ఆవిడ దగ్గర ఏదీ దాగదు. బస్సు డిపోలో ఇరవై ఆరేళ్ళు టైమ్ కీపరు. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, అన్నీ ఆవిడ రాయాల్సిందే. అర కిలోమీటరు తేడా వచ్చినా డ్రైవర్లని నిలబెట్టి దులిపేసేది. ఒక చెయ్యి మిషనుకి ఇచ్చి, రెండో చేత్తో లీజు ఫారమూ, మా ఆయన గళ్ళు గీసిన కాగితమూ తీసుకుంది.

"కొంటున్నారా? నెలకి నూట అరవై అయిదు ఎక్కువ దేనికి?"

"కారు మనదవుతుందని."

"కోతలు కొయ్యకు. ఫారంలో ఈ కిలోమీటర్ల గడి ఖాళీగా ఎందుకు వదిలావు?"

నేను దుప్పటి సర్దుతూ కూర్చున్నాను. అక్క ఆ గడి వంక చూసింది, నా వంక చూసింది. మొహం కందగడ్డయింది.

"ఓసి పిచ్చిమొహమా! నా చావుకి నువ్వు వాయిదాలు కడతావా?"

పక్క మంచం పెద్దాయన తల తిప్పి చూశాడు. చూడనీ, నాకూ ఒళ్ళు మండింది.

"కడతాను. నా డబ్బు, నా ఇష్టం. మానేస్తా మానేస్తా అని నువ్వంటుంటే అందులో ఏమని రాయను? నువ్వే చెప్పు. నాకు భయంగా ఉందక్కా. నువ్వు లేకపోతే నాకెవరున్నారు?"

ఆ మాట ఆవిడ మొహం మీద అనడం అదే మొదలు. ఆవిడ ఫారం మళ్ళీ పైనుంచి కిందదాకా చదివింది. తర్వాత పెన్ను అడిగింది. లీజు ఫారం తీసి, ఖరీదైన మోడల్ దగ్గర టిక్కు పెట్టి, గడిలో పన్నెండు వేలు అని రాసింది.

"అంటే మానేస్తున్నావా?"

"నోర్మూసుకుని కింద చిన్నక్షరాలు చదువు."

ఒప్పుకున్నదానికంటే ఎక్కువ తిరిగితే, కారు తిరిగి ఇచ్చే రోజున కిలోమీటరుకి ఇంతని కట్టాలట.

"ఆ ఎక్కువ తిరిగేది నా కోసమేగా. అది నా పెన్షన్‌లోంచి నేను కడతా" అంది.

"మతిపోయిందా? ఇరవై వేలు రాస్తే నెలకి ముప్ఫయితో పోతుంది. ఇలాగైతే దానికి మూడింతలు!"

"అవనీ. ముందే కట్టేస్తే నేనున్నా ఒకటే, పోయినా ఒకటే. ఇదైతే మూడేళ్ళ తర్వాత బిల్లు నా చేతికివ్వాలి. తీసుకోవడానికి నేనుండొద్దూ?"

ఇది శుద్ధ నష్టం, వదినకైనా తెలియదా అని మా ఆయన సాయంత్రమంతా గొణిగాడు. గొణుగుతూనే సంతకం పెట్టాడు.

అక్క ఆ తర్వాత మానేస్తానన్న రోజులు లేకపోలేదు. అన్న రోజున పోట్లాడుకునేవాళ్ళం, మర్నాడు వెళ్ళేవాళ్ళం. ఎనిమిదో నెలలో, చలికి అద్దాలన్నీ మసకబారిన ఒక ఉదయం, మీటరు పన్నెండు వేలకి వచ్చింది. అక్క నన్ను కారు పక్కకి ఆపమంది. కళ్ళజోడు పెట్టుకుని, ముందుకి వంగి, ఆ అంకె పైకి చదివింది.

"ఇక్కణ్ణించి నా ఖర్చు" అంది. "ఊఁ, పోనియ్యి."