ఒక్క దానికే సూది

ముత్యాలప్ప ఆవు అతని చేతికి తప్ప పాలు చేపదు. ఆ చేతుల మీద ఉలిపిర్లు మొలిచాయి. వేళ్ల లోపలివైపు కూడా వచ్చాక, గరుకు తగిలి ఆవు కాలు విసరడం మొదలుపెట్టింది. భార్య పాపమ్మ పితకడానికి కూర్చుంటే పాలు వదలకుండా ఎగజేపేది. చెంబు అడుగు కూడా నిండడం లేదు. మేపలేక అమ్మేద్దామని అతను రామసముద్రం గంగులయ్యతో మాటనుకున్నాడు. గంగులయ్య పంటలు అమ్ముకున్నాక వస్తానన్నాడు. ఆ లోపల చేతులు మానితే ఆవు ఇంట్లో ఉంటుంది. లేకపోతే పోతుంది.

చేయవలసినవన్నీ చేశాడు. కుప్పంలో కరెంటుతో కాల్పించాడు. పుండు మానిన చోటే మళ్లీ మొలిచాయి. పాపమ్మ పుంగనూరు గుడిలో ఉప్పూ మిరియాలూ వేసి మొక్కుకుంది. చివరికి, 2009 వేసవిలో, ఇద్దరూ మదనపల్లెలో చర్మాల డాక్టరు యమున దగ్గరికి వెళ్లారు.

డాక్టరు రెండు చేతులూ తిప్పి చూసింది. కుడి బొటనవేలి మొదట్లో ఉన్న పెద్ద ఉలిపిరికి సూది వేసింది. సిరంజి పక్కన పెట్టేసింది.

“మిగతావాటికి?” అన్నాడు ముత్యాలప్ప.

“అక్కర్లేదు పెద్దాయనా. ఇది పనిచేస్తే అవే పోతాయి.”

“ఏం మందమ్మా అది?”

“పిల్లలకు తట్టు రాకుండా వేసే టీకా.”

అతను పాపమ్మ వైపు చూశాడు. “నాకు తట్టు సిన్నప్పుడే పోసిండాదే!”

“తట్టు కోసం కాదు. ఒంట్లో కాపలా ఉంటుంది. ఉలిపిర్లను పట్టించుకోకుండా నిద్రపోతా ఉంది. ఈ మందు పోయి లేపుతుంది. లేచినాక ఈ చెయ్యా ఆ చెయ్యా అని చూడదు.”

“మా దొడ్లోనూ కుక్క ఉండాది డాక్టరమ్మా. నిద్ర లేపితే మమ్మల్నే కరస్తాది.”

డాక్టరు నవ్వింది. ముత్యాలప్ప నవ్వలేదు. ఆమె చెప్పిన మరో మాట అతను బాగా గుర్తుపెట్టుకున్నాడు. “అందరికీ పోతాయని చెప్పను. మూడు వారాలకొకసారి రండి, చూద్దాం.” పోతాయని చెప్పదు, రమ్మని మాత్రం చెబుతుంది.

బస్సులో పాపమ్మతో అన్నాడు: “చిటుక రోగానికి మన గొర్రెలకు సూదులేస్తారు గదా. ఒక గొర్రెకేసి, తక్కినవి వాటంతటవే బాగుంటాయంటే ఒప్పుకుంటామా?”

“నాకేం తెలుసు? అడగాల్సింది ఆడనే అడక్కపోతివి.”

మర్నాడు బొటనవేలు వాచింది. ఒళ్లు వెచ్చబడింది. అలా అవుతుందని డాక్టరు ముందే చెప్పింది. చెప్పినట్టే జరగడం కూడా అతనికి నచ్చలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు ఎడమచెయ్యి చాపాడు. డాక్టరు కుడిచెయ్యి అందుకుని ఉలిక్కిపడింది. “ఈ ఎరుపేంది? రక్తమా?”

“జాజు. సూది పడిన గొర్రెకు పెడతాము, మళ్లా దానికే ఎయ్యకుండా. ఇది అయిపోయింది. ఇప్పుడు ఈ పక్కదానికెయ్యి.”

డాక్టరు స్పిరిట్ దూదితో జాజు తుడిచి, అదే ఉలిపిరికి మళ్లీ సూది వేసింది. “నువ్వు వీటిని మంద అనుకుంటున్నావు. నేను సూదేసేది ఉలిపిరికి కాదప్పా, నీకు. నువ్వు ఒక్కడివే గదా?”

ఒప్పుకోక తప్పని మాటంటే ముత్యాలప్పకు ఇంకా అనుమానం.

మూడో సూది అయ్యాక ఎడమచేతి చిటికెనవేలి మీది ఉలిపిరి ఎండి రాలింది. తర్వాత పక్కవి. తర్వాత కుడిచేతి వేళ్లవి. బొటనవేలిది మాత్రం కాస్త తగ్గి ఆగింది.

“సూడు,” అన్నాడు పాపమ్మతో. “సూది పడింది అట్లే ఉండాది. పడనివి పోయినాయి. ఇదేం వైద్యం?”

“పోయినాయి గదా. యాల ఏడస్తావు?”

“ఇవి పోయింది నీ ఉప్పూ మిరియాలకేమో.”

“అట్లయితే ఆ బస్సు సార్జీలు నాకియ్యి.”

ఆవు దగ్గరికి మాత్రం అతను వెళ్లలేదు. మళ్లీ కాలు విసిరితే ఇక చేసేదేమీ ఉండదని భయం.

గంగులయ్య ఒక పొద్దున వచ్చాడు. ఆవు చుట్టూ తిరిగాడు, పళ్లు చూశాడు. పాపమ్మ చెంబు తీసుకుని కూర్చోబోతే ఆపాడు.

“నువ్వొద్దమ్మా. ఎగజేపుతాదని ఊరంతా సెప్తాండారు. ఆయప్పనే కూసోమను.”

ముత్యాలప్ప చేతులు కడుక్కుని, వేళ్లకు ఆముదం రాసుకున్నాడు. దూడను వదిలి, పట్టి కట్టేశాడు. బొటనవేలు ఎడంగా పెట్టి, మిగతా వేళ్లతో చన్ను పట్టాడు. ఆవు వెనక కాలు ఎత్తింది. ఎత్తిన కాలు కాసేపు అలాగే ఉంచి, దించింది. చన్నులు బిగిశాయి. ధార చెంబులో పడింది.

చెంబు నిండింది.

“అనుకున్న రేటే ఖాయం,” అన్నాడు గంగులయ్య.

“అమ్మేది లే.”

“మాటిచ్చినావే!”

“సేతులు మాననప్పటి మాటన్నా అది. ఈడదాకా తిప్పినందుకు మన్నించు. కాఫీ తాగి పో.”

గంగులయ్య వంగి అతని బొటనవేలు చూశాడు. “ఇంకా ఒకటి ఉండాదే.”

“దానికే సోమారం మళ్లా మదనపల్లెకు పోతాండాను.”

“అయితే ఆ డాక్టరమ్మను నమ్మినావన్న మాట.”

“నమ్మలా. ఏం సేస్తాదో దగ్గరుండి సూస్తాండాను,” అని ముత్యాలప్ప చెంబు పాపమ్మకిచ్చి, దూడను వదిలాడు.