శబాష్ సార్

కీబోర్డు తుడిచేటప్పుడు సుదర్శన్ ముందు నల్ల మెట్లు తుడుస్తాడు, తర్వాత తెల్లవి. తడిగుడ్డను చూపుడువేలికి చుట్టుకొని ఎడమ కొస నుంచి కుడి కొస దాకా మెట్టు తర్వాత మెట్టు రుద్దుకుంటూ పోతాడు. ఆ రోజు పొద్దున సగం దాకా వచ్చాక రేణుకమ్మ వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. తలెత్తి చూస్తే కీబోర్డు వైపు వేలు చూపించింది. ఎర్ర దీపం వెలుగుతోంది. స్విచ్ తీయడం మరచిపోయాడు. అప్పటిదాకా ఆ మోత ఇల్లంతా, వాడకట్టంతా వినే ఉంటుంది.

"జర చూస్కోవాలె గద," అంది ఆమె, తన పెదవులు అతనికి కనిపించేలా వంగి.

అతను నవ్వి స్విచ్ ఆపేశాడు. ఆమె గోడ పట్టుకుంటూ వంటింట్లోకి పోయింది. వారం రోజులుగా ఆమె కాళ్ళు వాస్తున్నాయి. మెట్టెలు వేళ్ళలోకి దిగబడుతున్నాయని నిన్న తీసి గూట్లో పెట్టింది.

సుదర్శన్‌కు యాభై తొమ్మిదేళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఏళ్ళ తరబడి కీబోర్డు సంచీ మోసి ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. ఎవరు మాట్లాడినా మెడ కుడి వైపుకు తిప్పి, కళ్ళు చిట్లించి వాళ్ళ నోటి వంక చూస్తాడు. తెలియనివాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు.

గద్వాలలో అతనిది నేతపనివాళ్ళ ఇల్లు. తండ్రి గుంతమగ్గం మీదనే బతికాడు. ఆ గుంతలో కాళ్ళు పెట్టి కూర్చోవడం కొడుకు వల్ల కాలేదు. పదహారేళ్ళప్పుడు పెళ్ళిళ్ళ బ్యాండులో చేరిపోయాడు. ముప్పై ఏళ్ళకు పైగా గద్వాల, ఐజ, రాయచూరు వీధుల్లో, కదిలే బండి మీద, మనిషంత ఎత్తున్న స్పీకరు డబ్బా పక్కన నిలబడి కీబోర్డు వాయించాడు. డీజేలు వచ్చి బ్యాండు విడిపోయేనాటికి చెవులు కూడా పోతూ ఉన్నాయి. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి. సైకిలు బెల్లు, పిట్టల అరుపు, రేణుకమ్మ గాజులు. తర్వాత మాటలు పోయాయి. రాయచూరులో డాక్టరు చూసి, లోపల నరం చచ్చుబడింది, మిషను పెట్టినా పట్టదు అన్నాడు. ఇప్పుడు లారీ పోతే, డప్పు మోగితే రొమ్ములో తెలుస్తుంది. అంతే.

ఈ సంగతి రేణుకమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఏడేళ్ళ కింద ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు సంగీతం చెప్పడానికి మనిషి కావాలంటే పోయి చేరాడు. వాళ్ళు కరపత్రం మీద పియానో అని వేసుకున్నారు. యూకేజీ నుంచి రెండో తరగతి దాకా రోజుకు నాలుగు పీరియడ్లు. పిల్లలు వాయిస్తుంటే అతను వాళ్ళ వేళ్ళు చూస్తాడు. వేలు సరైన మెట్టు మీద పడితే చాలు, శబాష్ అంటాడు. తప్పు పడ్డా శబాష్ అని, ఇంకోసారి కొట్టు బిడ్డా అంటాడు. బొటనవేలు ఇంటి పెద్ద, చిటికెనవేలు చంటిపిల్ల, చంటిపిల్లను ఎవరూ తొందర పెట్టొద్దు అని చెబుతాడు. పిల్లలు అతన్ని శబాష్ సార్ అని పిలుస్తారు. ఇంత ఓపిక ఉన్న సారును చూడలేదని తల్లులు అంటుంటారు.

వాళ్ళ పెదవుల మీద ఆ మాట చూసినప్పుడల్లా సుదర్శన్‌కు లోపల ఏదో గుచ్చుకునేది. చెవులు బాగున్న రోజుల్లో అతనికి ఓపిక లేదు. బ్యాండులో నేర్చుకోవడానికి వచ్చిన ఒక పిల్లవాడు ఒకే చోట మూడుసార్లు తప్పితే, మెట్ల మీద ఉన్న వాడి చేతిని పిడికిలితో గుద్దాడు. వాడు మళ్ళీ రాలేదు. తప్పు వినిపించడం మానేసిన తర్వాతే తాను మంచి సారు అయ్యాడని అతనికి తెలుసు.

ఇంటి దగ్గర సాయంత్రం ట్యూషన్‌కు మాత్రం రేణుకమ్మ ఉంటుంది. ఆమెకు సంగీతం రాదు. కానీ నలభై ఏళ్ళు అతని సాధన వింటూ బతికిన మనిషి. ముందు గదిలో గోడకు ఆనుకొని రాట్నం మీద నూలు కండెలు చుడుతూ కూర్చుంటుంది. పిల్లలు తప్పు వాయిస్తే రాట్నం ఆపుతుంది. ఆగిన చక్రం కంటికొసన కనబడగానే అతను, అక్కడ జర మల్ల చూసుకో బిడ్డా, అంటాడు. పిల్లలకు ఈ ఏర్పాటు తెలియదు. రేణుకమ్మ పెద్దమ్మ కండె మార్చుకుంటోంది అనుకుంటారు. పిల్లలు లేని ఆ ఇద్దరూ దీని గురించి కూర్చుని మాట్లాడుకున్నది లేదు. ఒక సాయంత్రం ఆమె ఆపింది, అతను చూశాడు, అప్పటి నుంచి అట్లా జరుగుతోంది.

ఆ రోజు బడిలో మూడో పీరియడు ఒకటో తరగతి. బయట మబ్బు పట్టి ఉక్కగా ఉంది. గీత అనే పిల్ల వంతు వచ్చింది. ఆరేళ్ళది, ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి. అతని వాడకట్టులోనే ఉంటుంది. సాయంత్రం ఇంటికి కూడా వస్తుంది. గీత రెండు చేతులూ మెట్ల మీద పెట్టి ప్రార్థన పాట మొదలుపెట్టింది. సుదర్శన్ ఆమె వేళ్ళు చూస్తూ తల ఆడిస్తూ, శబాష్, శబాష్, బాగొస్తుంది అంటున్నాడు.

కొద్దిసేపటికి మిగతా పిల్లల మొహాలు అతనికి వింతగా కనిపించాయి. ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నాడు. ఒక పిల్ల పైకి చూస్తోంది. అతనూ పైకి చూశాడు. ఫ్యాను రెక్కలు నిదానంగా తిరిగి ఆగిపోయాయి. కీబోర్డు మీద ఎర్ర దీపం లేదు. కరెంటు ఎప్పుడు పోయిందో, మోగని మెట్లకు తాను ఎంతసేపటి నుంచి శబాష్ చెబుతున్నాడో అతనికి తెలియలేదు.

గీత మాత్రం చేతులు తీయలేదు. పాట చివరి దాకా, ఒక్క వేలు కూడా వదలకుండా నొక్కి, తలెత్తి అతని వైపు చూసి బోసినోటితో నవ్వింది. కరెంటు పోయిన సంగతి తనకూ తెలియనట్టే నవ్వింది. నవ్విన పిల్లవాడి వైపు తిరిగి కళ్ళెర్ర చేసింది. సుదర్శన్ ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు తలుపు దగ్గర క్లాసు టీచరు నిలబడి ఉండడం చూశాడు. ఆమె గబుక్కున చూపు తిప్పుకుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రిన్సిపాల్ పిలిపించింది. ఆమె చెడ్డమనిషి కాదు. కుర్చీ చూపించి, ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా విడదీసి, నోరు పెద్దగా తెరిచి మాట్లాడింది. ఆ తీరు చూడగానే మిగతాది అతనికి అర్థమైంది. దసరా సెలవుల తర్వాత పియానో పీరియడ్లు ఉండవని, ఆ చోట లెక్కల క్లాసు పెడుతున్నామని, ఇన్నేళ్ళు పిల్లలను కన్నబిడ్డల్లా చూసినందుకు మేమంతా మరచిపోమని చెప్పింది.

"పిల్లలైతే మంచిగనే నేర్చుకుంటుండ్రు మేడం," అన్నాడు సుదర్శన్.

ఆమె తల ఊపింది. బల్ల మీద ఉన్న కాగితాలను ఒకసారి సర్దింది. అతను లేచి దండం పెట్టి వచ్చేశాడు.

ఇంటికి చేరేసరికి రేణుకమ్మ లోపలి గదిలో మంచం మీద పడుకుని ఉంది. ఈ వేళప్పుడు ఆమె పడుకోదు. మొహం చెమట పట్టి ఉంది. ఏమైందని అడిగితే గుండెల మీద అరచెయ్యి పెట్టి చూపించింది. పొద్దటి పులుసన్నం పడలేదని, గ్యాసు పట్టి ఉంటుందని అంది. దవాఖానకు పోదాం, ఆటో పిలుస్తానన్నాడు. ఆమె వద్దంది. పిల్లలను ఈ రోజుకు వెనక్కి పంపిస్తానన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. మోచేతి మీద కొంచెం లేచి, అతను చూస్తున్నాడని తెలుసుకుని అంది:

"గీతకు ఇప్పుడిప్పుడే పాట చేతికొస్తుంది. ఇయ్యాల ఇడిస్తే మల్ల మొదటికొస్తది. నువ్వు చెప్పు పో. నేను జర కన్ను మూస్త."

బడి సంగతి నోటి దాకా వచ్చింది. ఇప్పుడెందుకులే, పిల్లలు పోయాక చెబుదామని ఊరుకున్నాడు. కాళ్ళ మీద దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసి ముందు గదిలోకి వచ్చాడు.

ఐదు దాటాక గీత ఒక్కతే వచ్చింది. ట్యూషన్‌కు వచ్చే మిగతా ఇద్దరికీ జ్వరమని చెప్పింది. రాట్నం గోడ పక్కన ఖాళీగా ఉంది. సగం చుట్టిన కండె దానికే ఉంది. సుదర్శన్ కీబోర్డును బల్ల మీద పెట్టి, ఎర్ర దీపం రెండుసార్లు చూసుకుని, సౌండు మీటను చివరి దాకా తిప్పాడు. రేణుకమ్మ పక్కన లేనప్పుడు అట్లాగే చేస్తాడు. అరచెయ్యి బల్ల చెక్కకు ఆనించి పెడితే మోత కొంచెం చేతికి అందుతుంది.

గీత వాయించసాగింది. మొదటిసారి మధ్యలో ఒకచోట వేలు తడబడింది. అతనే చూశాడు, అతనే ఆపాడు. రెండోసారి మొదలుపెట్టిన కాసేపటికి ఆ పిల్ల తనంతట తానే ఆగింది. లోపలి గది వైపు తల తిప్పి ఏదో అంది. మొహం అటు ఉండడంతో అతనికి పెదవులు కనిపించలేదు. పెద్దమ్మ ఏది అని అడుగుతోందనుకున్నాడు.

"పెద్దమ్మకు పానం బాగలేదు బిడ్డా, పండుకున్నది. నువ్వు కొట్టు. మంచిగొస్తుంది. శబాష్."

గీత మళ్ళీ అటు చూసింది. అతను ఆమె వేళ్ళను పట్టుకుని మెల్లగా మెట్ల మీద పెట్టి, భుజం తట్టాడు. సారు శబాష్ అన్నాక ఆగడం ఆ పిల్లకు తెలియదు. వాయించింది. ఎడమచెయ్యి కుడిచెయ్యి కోసం ఆగలేదు, చిటికెనవేలు జారలేదు, మధ్యలో ఎక్కడా వెతుక్కోలేదు. పాట మొదటి నుంచి చివరి దాకా ఒక్క తప్పు లేకుండా వచ్చింది. వేళ్ళను మాత్రమే చూస్తూ ఏడేళ్ళు గడిపిన మనిషికి అది తెలుసుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. ఇంకోసారి అడిగాడు. మళ్ళీ అట్లాగే వచ్చింది. ఆ రోజు మొత్తంలో అతని మొహం అప్పుడే విప్పారింది.

ఆరున్నరకు గీతను పంపించి కీబోర్డు మూసి లోపలికి పోయాడు. గదిలో మసకగా ఉంది. గోడ మేకుకు చొక్కా తగిలిస్తూ, మంచానికి వీపు పెట్టి, రేణుకమ్మకు చెప్పుకుంటూ పోయాడు. గీతకు పాట వచ్చేసిందన్నాడు. రెండు సార్లు తప్పు లేకుండా కొట్టిందన్నాడు. బడిలో దసరా తర్వాత రావద్దన్నారని కూడా చెప్పాడు. "పోనీ తియ్, ఇంటికాడ ఇద్దరు ముగ్గురుంటే సాలు మనకు," అన్నాడు. జవాబు వినడం కోసం కాక, చూడడం కోసం లైటు వేసి వెనక్కి తిరిగాడు.

ఆమె మంచం అంచుకు జరిగి ఉంది. తల, కుడిచెయ్యి కిందికి వేలాడుతున్నాయి. కళ్ళు తలుపు వైపే ఉన్నాయి. ఎత్తి దిండు మీద పడుకోబెట్టాడు. బుగ్గలు తట్టాడు. చెయ్యి ఇంకా చల్లబడలేదు కానీ ఎక్కడ వదిలితే అక్కడే ఉంటోంది.

అతను ఎట్లా అరిచాడో అతనికి తెలియదు. పక్కింటివాళ్ళు పరుగున వచ్చారు. వీధి చివరి ఆరెంపీ డాక్టరు వచ్చి నాడి పట్టుకుని, కనురెప్పలు ఎత్తి చూసి, గుండె అని తన రొమ్ము ముట్టుకుని సైగ చేశాడు. గంట లోపలే పోయిందన్నాడు. గంట లోపల అంటే పాట నడుస్తున్నప్పుడు.

గీతను కొంగు పట్టించుకుని వాళ్ళమ్మ వచ్చింది. ఆడవాళ్ళు లోపలికి పోతుంటే ఆ పిల్ల మాత్రం గడప దగ్గరే నిలబడి సుదర్శన్ వంక చూస్తోంది. అతను చూసేదాకా ఆగింది. తర్వాత మధ్యాహ్నం ప్రిన్సిపాల్ మాట్లాడినట్టు కాకుండా, మామూలుగా, పెదవులు వణుకుతుండగా అంది:

"నేను చెప్పిన సార్. లోపల టంగ్ టంగ్‌మని చప్పుడైతుందని చెప్పిన. మీరు కొట్టుమన్నరు."

ఆ మాట మొత్తం అతనికి అందింది. ఒక్క అక్షరం పోలేదు. గడప దగ్గరికి వచ్చాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ఆ పిల్ల మొహానికి సమంగా మొహం పెట్టాడు.

"ఆ చప్పుడు నాది బిడ్డా," అన్నాడు. "బల్ల కింద ఇనుప పట్టీ ఉన్నది గద, తాళానికి నేనే కాలుతోని కొట్టిన. పెద్దమ్మ గంతకు ముందే నిద్రల పోయింది."

గీత అతని కాళ్ళ వైపు చూసింది. నిజంగనా అని అడిగింది. అతను తల ఊపాడు. ఆమె మొహంలో బిగువు కొంచెం కొంచెంగా వదిలింది. అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది, చిన్నపిల్లలు ఏడ్చినట్టు, గట్టిగా. అతను వెన్ను నిమిరాడు.

"మంచిగ విన్నవ్ బిడ్డా. మంచిగ కొట్టినవ్. శబాష్."

తల్లి వచ్చి పిల్లను ఎత్తుకుని పోయింది. లోపల ఆడవాళ్ళు రేణుకమ్మను చాప మీదికి దించి, మంచం తీసి బయట వాకిట్లో నిలబెట్టారు. మంచం ఉన్న చోట, నేలకు పరిచిన షాబాద్ బండ మీద దగ్గర దగ్గరగా తెల్లటి దెబ్బలు పడి ఉన్నాయి. వాటి పక్కన మంచినీళ్ళ స్టీలు గ్లాసు, అంచు ఒకవైపు పూర్తిగా లోపలికి వంగిపోయి, పక్కకు పడి ఉంది.