రహస్యమని రాసిన కవరు

ఆఫీసులో నన్ను చాటుగా రూళ్లకర్ర అంటారు. చాటుగా అనుకుంటారు గానీ నాకు వినబడుతూనే ఉంటుంది. విద్యాశాఖ ప్రధాన కార్యాలయంలో ఇరవై ఆరేళ్లుగా ఉత్తర్వులు రాస్తున్నాను, ఇప్పుడు సూపరింటెండెంటుని. నా చేతి మీదుగా వెళ్లిన కాగితం ఒక్కటీ దారి తప్పలేదని నాకు గర్వం. ఆ గర్వమే కొంప ముంచింది. నా కొంపైతే పోనీ అనుకోవచ్చు, మునిగింది పాపం ఇంకొకరిది.

పోయిన ఏడాది మా శాఖ ఒక మంచి పని చేసింది. దేశంలో ఏ బడిలోనూ హెచ్‌ఐవీ ఉన్న టీచరు ఉద్యోగం పోకూడదు, నెలకో పూట ఆసుపత్రికి వెళ్లి మందులు తెచ్చుకోవడానికి సెలవివ్వాలి, కారణం ఎవరికీ తెలియకూడదు అని నిర్ణయించింది. అదెలా జరగాలో రాసే పని నాకు అప్పగించారు. నేను ఊరుకుంటానా? అనుమతి పత్రం మామూలు టపాలో కలిసిపోకుండా దళసరి గులాబీరంగు కవరు పెట్టించాను. దానికి లక్కతో సీలు. నాలుగు మూలలా "అత్యంత రహస్యం" అని ఎర్రముద్ర. బడికి చేరాక ఆ టీచరు చేతికే ఇచ్చి సంతకం తీసుకోవాలని షరతు. డైరెక్టరుగారు కవరు అటూ ఇటూ తిప్పి చూసి తెగ మెచ్చుకున్నారు. ఆ రోజు ఇంటికి మిఠాయి కూడా కొనుక్కెళ్లాను.

మూడు నెలల తర్వాత ఒక లెక్కల టీచరు నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో రాజీనామా. ముప్ఫై రోజుల గడువు లేకుండా ఈ వారమే వదిలిపెట్టమని అడిగింది. కారణం రాయలేదేమమ్మా అన్నాను.

"మీ కవరేనండి," అంది. "ఆరేళ్లు నోరు విప్పకుండా దాచుకున్నాను. అది ఒక్క పూటలో చెప్పేసింది."

అటెండరు స్టాఫ్‌రూములో అందరి ముందూ పేరు పెట్టి పిలిచి మరీ సంతకం చేయించుకున్నాడట. అలాంటి కవరు ఎవరికొస్తుందో అప్పటికే అన్ని బళ్లలోనూ తెలుసు. వారం తిరక్కుండా ఆమె పక్క కుర్చీలు ఖాళీ అయ్యాయి. పిల్లల తల్లిదండ్రులు కొందరు వచ్చి గొడవ చేశారు. హెడ్‌మిస్ట్రెస్ ఆమె దగ్గర్నుంచి తొమ్మిదో తరగతి తీసేసి లైబ్రరీలో కూర్చోబెట్టింది. మందులు బాగానే పనిచేస్తున్నాయి, ఒంట్లో ఏ నలతా లేదు. ఆమే, ఆమె తల్లీ ఈ ఉద్యోగం మీదే బతుకుతున్నారు. అయినా రోజూ ఆ గదిలోకి అడుగుపెట్టడం ఇక తన వల్ల కాదంది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. క్షమించమని అడిగాను. నియమం ప్రకారం ముప్ఫై రోజులూ ఆగాల్సిందేనని చెప్పి పంపించాను. ఫైళ్లు నానబెట్టడంలో మా ఆఫీసు పెట్టింది పేరు. ఆ విద్య ఒక మనిషికి పనికొస్తుందని ఆ రోజే తెలిసింది.

మా ఆయన దర్జీ. బడిపిల్లల యూనిఫాంలు కుడతారు. సాయంత్రం ఆయన మిషను పక్కన కూర్చుని, ఆమె పేరూ బడి పేరూ చెప్పకుండా నా తప్పంతా వెళ్లబోసుకున్నాను. కవరు రంగు మార్చాలా, ముద్ర తీసేయాలా అని నా గోల నాది.

"రంగు కాదే పిచ్చిదానా," అన్నారాయన. "గుంపులో ఒక్కడికే రంగు చొక్కా తొడిగి, వీణ్ణి చూడకండని చాటింపు వేశావు. అందరికీ అదే చొక్కా కుట్టు."

పెళ్లయిన కొత్తలో తప్ప నేను ఆయన మాట విన్నది లేదు. ఆ రోజు విన్నాను.

మర్నాడే కొత్త ఉత్తర్వు రాశాను. ప్రతి టీచరుకీ నెలకో పూట ఆరోగ్య సెలవు. కవర్లు లేవు, కారణం రాసే గడి లేదు, మామూలు సెలవు పుస్తకంలో ఒక సంతకం చాలు. కారణం అడిగినవాళ్లే సంజాయిషీ ఇచ్చుకోవాలి. జీతమిచ్చి అందర్నీ ఇంట్లో పడుకోబెట్టమంటారా అని డైరెక్టరుగారు మండిపడ్డారు. పడుకోనివ్వండి సార్, పడుకునేవాళ్లు వందమంది ఉంటేనే మందులకెళ్లే ఒక్కరు కనబడరు అన్నాను. ఫైలు మూడుసార్లు తిప్పి పంపి, ఏడాదిపాటు చూద్దామంటూ సంతకం పెట్టారు. ఆమె రాజీనామా ఇచ్చి అప్పటికి ఇరవై రెండు రోజులు గడిచాయి.

ఉత్తర్వు అన్ని బళ్లకీ చేరింది. ఆమె బడికి ఫోన్ చేస్తే, ఒక్కరూ ఆ సెలవు అడగలేదన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ముందు సంతకం పెట్టినవాళ్లకే ఆ జబ్బుందనుకుంటారని అందరికీ భయం. పిల్లి మెడలో గంట కట్టేదెవరు? గడువింకా అయిదు రోజులే ఉంది. బస్సెక్కి నేనే వెళ్లాను.

స్టాఫ్‌రూములో ఇరవైమంది దాకా ఉన్నారు. ఆమె కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చుంది. కావాలనే అటు చూడలేదు. సెలవు సంగతి చెప్పాను. పక్కన కూర్చుంటేనో ముట్టుకుంటేనో హెచ్‌ఐవీ రాదని మీ తొమ్మిదో తరగతి పుస్తకంలోనే ఉంది, పిల్లలకి చెప్పే ముందు మీరొకసారి చదువుకుంటే బాగుంటుందని కూడా అన్నాను. కోపం ఆపుకోలేకపోయాను.

అప్పుడు డ్రిల్లు మాస్టారు లేచారు. మైదానం దద్దరిల్లేలా అరిచే మనిషి, గొంతు బాగా తగ్గించారు.

"మేడమ్, నాకు మొలలున్నాయి. నెలనెలా బ్యాంకు పనని అబద్ధం చెప్పి డాక్టరు దగ్గరికి పోతున్నాను. అది రాయాలా?"

"రాయొద్దని చెప్పడానికే కదా మాస్టారూ ఇంత దూరం వచ్చింది."

గది గదంతా నవ్వింది. ఆయన కూడా నవ్వుతూ వచ్చి మొదటి సంతకం పెట్టారు. వెనకాలే ఒక పెద్దావిడ లేచింది. తనకే రోగమూ లేదట, మనవరాలితో ఆడుకోవాలట. డైరెక్టరుగారి భయం నిజమేనన్నమాట. ఆవిడని ముద్దు పెట్టుకోవాలనిపించింది. గంట కొట్టేసరికి పుస్తకంలో తొమ్మిది సంతకాలున్నాయి. లెక్కల టీచరుది లేదు. తిరుగుబస్సులో నాకు ఏడుపొచ్చింది.

ముప్ఫయ్యో రోజు పొద్దున రాజీనామా ఫైలు ముందు పెట్టుకుని, పెన్ను పట్టుకోబుద్ధి కాక కూర్చున్నాను. అప్పుడు ఆమె ఫోన్ చేసింది. నిన్న తన ఆసుపత్రి రోజట. సంతకం పెట్టి వెళ్లిందట. ఆ పూట సెలవులో ఇంకో నలుగురున్నారట. తిరిగొచ్చాక ఎక్కడికెళ్లావని ఎవరూ అడగలేదు గానీ, డ్రిల్లు మాస్టారు మాత్రం మీరూ బ్యాంకుకేనా అన్నారట. చెబుతూ చెబుతూ నవ్వింది. ఆమె నవ్వు వినడం నాకదే మొదలు.

రాజీనామా చింపేయమంది. నోటిమాట చాలదు, వెనక్కి తీసుకుంటున్నానని రాసి పంపమన్నాను. రూల్సు రూల్సే. తొమ్మిదో తరగతి తిరిగిచ్చారా అని అడిగాను. ఇవ్వలేదట. ఇద్దరు తల్లులు ఇంకా ఒప్పుకోవడం లేదట, హెడ్‌మిస్ట్రెస్ నసుగుతోందట.

"దానికి పోట్లాడాలి మేడమ్," అంది. "ఉద్యోగంలో ఉంటేనే కదా పోట్లాడేది."