కళ్లం దగ్గు

సంచి అడుగున ఉన్ని మేజోళ్లు పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది రాజ్యం. మంచం మీద కూర్చున్న తమ్ముడు జానకిరామయ్య నవ్వాడు.

"సర్దుతున్నావా, గొయ్యి తవ్వుతున్నావా అక్కా?"

"నవ్వుకోరా. యాభై ఎనిమిదేళ్లొచ్చి మంచు కొండలెక్కుతానంటే చప్పట్లు కొట్టమంటావా?"

ఎవరు గడప దాటినా రాజ్యం గుండె జారుతుంది. పెళ్లైన నాలుగో ఏట మొగుడు వాడరేవు వెళ్లొస్తానని వెళ్లి సముద్రం పాలయ్యాడు. అప్పట్నుంచీ ఆమెకు మిగిలింది ఈ తమ్ముడూ, మిరప చేనూ.

బడికి పోకపోయినా విత్తనాల ప్యాకెట్ల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చిన మనిషి ఆమె. కొండలకు తీసుకెళ్లే కోటేష్ ఇచ్చిన కాగితాన్ని రెండుసార్లు చదివింది. 'అనుకోనిది జరిగితే మా బాధ్యత లేదు' అని అడుగున సన్నక్షరాల్లో ఉంది. మిరప చెట్లు ఏపుగా పెరిగి ఒక్క కాయా కాయని ఏడు, ఆ విత్తనాల ప్యాకెట్ మీదా ఇదే మాట ఉంది.

కోటేష్ జీపుతో రాగానే అడిగింది.

"ఏ ఊరబ్బాయ్ నీది?"

"దాచేపల్లండి."

"అక్కడ సున్నపురాయి చూశాం గానీ మంచెక్కడిది?"

"హిమాలయాల్లో పన్నెండేళ్లున్నానండి," అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. ఆ ఏడు విత్తనాలు అమ్మిన కొట్టువాడూ అలాగే నవ్వాడు.

వాళ్లు కొండలకు వెళ్లిన ఆరోనాటి పొద్దున ఫోనొచ్చింది.

"అమ్మా, కోటేష్‌నండి. సారుకి పొడి దగ్గు పట్టింది. ఇంటి దగ్గర్నుంచీ ఉన్నదే అంటున్నారు. నిజమేనా? కొత్తదైతే ఇంత ఎత్తులో ప్రమాదం, ఇప్పుడే కిందికి దింపేస్తాను."

"నువ్వే దింపుతావా?"

"నేను మిగతావాళ్లతో ఉండాలి. మా మనిషిని తోడిస్తానండి."

"ఎవడా మనిషి?"

"ఇక్కడివాడేనండి."

అదన్నమాట సంగతి అనుకుంది రాజ్యం. మిర్చి యార్డులో కొనేవాడు బస్తాలోంచి గుప్పెడు తెల్లబారిన తాలు కాయ ఏరి వంక పెట్టినట్టు, వీడు దగ్గు వంక పెట్టి తమ్ముణ్ణి వదిలించుకోవాలని చూస్తున్నాడు. ముక్కూమొహం తెలియనివాడి వెంట, ఆ కొండల్లో, ఒంటరిగా!

వెనక నుంచి జానకిరామయ్య అరుపు వినిపించింది. "చెప్పక్కా, మన కళ్లం దగ్గేనని!"

"పాతదేనయ్యా," అంది రాజ్యం గట్టిగా. "మిరప కళ్లంలో పుట్టినోళ్లం. ఆ ఘాటుకి మా ఇంట్లో దగ్గని మనిషెవరు? మా వాణ్ణి నీతోనే ఉంచుకో. ఎవడి వెంటో తోలావంటే మాత్రం ఊరుకోను."

"సరేనమ్మా, మీరంతగా చెబుతున్నారు కాబట్టి," అన్నాడు కోటేష్.

వాడి ఆట కట్టించానని తృప్తిపడి వాకిట్లోకొచ్చింది. ఎదురుగా కళ్లం బోసిగా ఉంది. కాయ కోల్డ్ స్టోరేజీకి చేరి నెలన్నర దాటింది. కళ్లం ఎత్తిన వారానికి ఇంట్లో అందరి దగ్గులూ ఎప్పటిలాగే పోయాయి. ఆ తరువాత జానకిరామయ్య దగ్గగా ఆమె ఒక్కసారీ వినలేదు.

వెంటనే ఆ నంబరుకు చేసింది. కలవలేదు. సాయంత్రం దాకా చేస్తూనే ఉంది. వాళ్లు అప్పటికే పైకి బయల్దేరారు.

జానకిరామయ్య తిరిగి రాలేదు. 2023 జూన్ 18, ఆదివారం ఉదయం, పై మజిలీలో ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయాడు.